అన్నయ్య కొనమంటారు, అబ్బాయి వద్దంటాడు

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఆమె ఇంట్లోనే ఉండి కొన్ని చిన్న సంస్థల జమాఖర్చులు చూస్తారు. పనంతా 2016లో కొన్న ల్యాప్‌టాప్ మీద, ఇంటి వెనక గదిలో. ఆమె అన్నయ్యది వేరే వృత్తి, కానీ కంప్యూటర్ రంగం వార్తలు రోజూ చదువుతారు. ప్రతి వార్త మీదా ఆయనకొక అభిప్రాయం ఉంటుంది, అది వెంటనే చెల్లెలికి చేరుతుంది. కొత్త ప్రాసెసర్లు వస్తున్నాయి ఆగమని రెండేళ్లు ఆపారు. విండోస్ 10కి మద్దతు ముగిసిందన్న వార్త రాగానే మాట మారింది. ల్యాప్‌టాప్, రౌటర్ రెండూ మార్చెయ్యమన్నారు, కృత్రిమ మేధకు ప్రత్యేక చిప్ ఉన్నదీ, వైర్‌లెస్‌లో సరికొత్త తరమైన వైఫై 7 ఉన్నదీ తప్ప మరొకటి చూడవద్దన్నారు. ఇంజనీరింగ్ చదువుతున్న ఆమె కొడుకేమో, "ఏదీ కొనక్కర్లేదమ్మా, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే చాలు. మామయ్య చదివేవన్నీ ప్రకటనలే" అని అందరి ముందూ అనేశాడు. "సలహా నన్ను అడగడం, మాట వాడిది వినడం" అంటూ అన్నయ్య నొచ్చుకుని వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఫోను లేదు.

వెనక గదిలో వీడియో సమావేశాలప్పుడు ఆమె మాట తెగిపోతోంది. ఒక ఖాతాదారు ఆ సంగతి కాస్త కటువుగానే రాశారు. ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. ఫైళ్లను బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకునేటప్పుడు వైర్‌లెస్ మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది, "అది కూడా ముసలిదైపోయినట్టుంది" అని రాశారు. ఆమె నాన్నగారు రేడియేషన్ భయంతో రాత్రి తొందరగా రౌటర్ ఆపేస్తారు, నెలాఖరులో ఆమె పని నడిచేది రాత్రిపూటే. చివరకు ఆమె అడిగింది ఇదీ: "ఏం కొనాలి? ఎవరి మాట వినాలి? అన్నయ్యను దూరం చేసుకోకుండా ఇది తేలే దారి ఉందా?"

మీ ప్రశ్నల్లో మూడోదే మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. అయినా యంత్రాల సంగతి ముందు మాట్లాడుకుందాం. అది తేలకుండా అన్నయ్యకు ఫోను చేస్తే మళ్లీ అదే వాదన మొదలవుతుంది.

మీరు రాసిన ఇబ్బందులు ఒకదానికొకటి సంబంధం లేనివి. ల్యాప్‌టాప్ నెమ్మదిగా తెరుచుకోవడం ఒకటి. దాని విండోస్‌కు భద్రతా సవరణలు ఆగిపోవడం మరొకటి. వెనక గదిలో మాట తెగడం ఇంకొకటి. అన్నయ్య సలహా ఈ మూడింటినీ కలిపి ఒకే కొనుగోలుతో తీర్చాలని చూస్తుంది, మీ అబ్బాయి సలహా మూడింటినీ కలిపి ఒకే సాఫ్ట్‌వేర్‌తో తీర్చాలని చూస్తుంది. ఇద్దరూ వెనక గదిలో కూర్చుని మీ పని చేసి చూసినవాళ్లు కారు.

ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం మౌస్ గురించి మీరు యథాలాపంగా రాసినది. కాపీ జరుగుతున్నప్పుడే అది మొరాయిస్తోందంటే లోపం మౌస్‌ది కాకపోవచ్చు. వైర్‌లెస్ మౌస్ తన చిన్న రిసీవర్‌తో మాట్లాడేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద. బయటి హార్డ్ డిస్క్ లాంటి యూఎస్‌బీ 3.0 పరికరాలు డేటాను పంపేటప్పుడు సరిగ్గా ఆ పరిధిలోనే రేడియో రొద పుట్టిస్తాయి. ఇది ఎవరో ఊహించి చెప్పిన మాట కాదు, ఇంటెల్ సంస్థే 2012లో కొలిచి ప్రచురించింది. హార్డ్ డిస్క్ తీగ, మౌస్ రిసీవర్ పక్కపక్కన గుచ్చి ఉంటే మౌస్ తడబడుతుంది. మీ ల్యాప్‌టాప్ వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తుంటే ఆ రొద దానికీ తగులుతుంది. వెనక గదుల్లో చాలా ల్యాప్‌టాప్‌లు ఆ పట్టీలోకే, అంటే ఆ తరంగాల పరిధిలోకే దిగిపోతాయి, ఎందుకంటే 5 గిగాహెర్ట్జ్ సంకేతం గోడలు దాటేసరికి బలహీనపడుతుంది. సమావేశం జరుగుతుండగా వెనక కాపీ నడుస్తూ ఉంటుందా? ఒక్కసారి గమనించండి. రిసీవర్‌ను చిన్న పొడిగింపు తీగతో డిస్క్‌కు దూరంగా పెట్టండి, సమావేశమప్పుడు డిస్క్ తీసేయండి. ఇంతతో సమస్య మొత్తం పోతుందని అనను. కానీ కొత్త మౌస్, కొత్త రౌటర్ కొనడానికి ముందు ఇది కారణమో కాదో తేల్చుకోవాలి. ఎందుకంటే ఎంత కొత్తది కొన్నా ఆ డిస్క్ అక్కడే ఉంటే కొంత తడబాటు అలాగే ఉంటుంది.

తర్వాత చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ల్యాప్‌టాప్‌ను రౌటర్ దగ్గరకు తీసుకెళ్లి, నెట్‌వర్క్ తీగతో నేరుగా కలిపి, మీవాళ్లెవరితోనైనా అరగంట వీడియో కాల్ మాట్లాడండి. మాట తెగకపోతే బయటి నుంచి వచ్చే లైను బాగున్నట్టే, లోపం ఇంట్లోని వైర్‌లెస్‌లో ఉంది. తీగతో కూడా తెగితే వైఫై 7 కాదు, అది ఏడింతలైనా ఉపయోగం లేదు. రెండో సందర్భంలో ఇంకొకటి చూడండి: ఆ సమయంలో ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలను, వీడియోలను ఆన్‌లైన్‌లోకి ఎక్కిస్తోందా? వెళ్లే దారి నిండిపోతే మీ గొంతు వరుసలో నిలబడి ఆలస్యంగా చేరుతుంది. మంచి నాణ్యత గల వీడియో కాల్‌కు సెకనుకు సుమారు 4 మెగాబిట్లు చాలు. మాట తెగేది సాధారణంగా వేగం తక్కువై కాదు, ఆ కాస్త వేగం నిలకడగా అందకపోవడం వల్ల.

ఇక వైఫై 7. అన్నయ్య చదివినది అబద్ధం కాదు. 2024 జనవరిలో దాని ధ్రువీకరణ మొదలైంది. కాగితం మీద దాని గరిష్ఠ వేగం సెకనుకు 46 గిగాబిట్లు. ఒకేసారి రెండు మూడు పట్టీల మీద పరికరంతో మాట్లాడగలగడం దాని అసలైన గొప్పతనం, నిలకడ విషయంలో అది నిజంగా మంచి ముందడుగు. అయితే ఆ లాభం అందాలంటే రౌటర్‌తో పాటు ల్యాప్‌టాప్ కూడా ఆ తరానిదై ఉండాలి. మీ 2016 ల్యాప్‌టాప్‌లో ఉన్నది మహా అయితే వైఫై 5. కొత్త రౌటర్ దానితో వైఫై 5 భాషలోనే మాట్లాడుతుంది. పైగా ఈ కొత్త తరం బలమంతా 6 గిగాహెర్ట్జ్ పట్టీలో ఉంది. దాన్ని ఎంత మేరకు వాడుకోవచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది, గోడలు దాటడంలో అది 5 కంటే కూడా బలహీనం. మీ సమస్య గోడల అవతల ఉన్న గది! మీ రౌటర్ పాతదై, దాని తయారీదారు భద్రతా సవరణలు ఇవ్వడం ఆపేసి ఉంటే మార్చడానికి అది సరైన కారణం. అప్పుడు కూడా వైఫై 6 రౌటర్ మీ అవసరానికి సరిపోతుంది. రాబోయే ఏళ్లలో ఇంట్లోని పరికరాలన్నీ మారతాయనుకుంటే వైఫై 7 తీసుకోవడంలోనూ తప్పు లేదు, ఈ నెల సమావేశాలు బాగుపడతాయని మాత్రం ఆశించకండి.

వెనక గది కోసం నన్నడిగితే రౌటర్ నుంచి ఆ గదికి ఒక నెట్‌వర్క్ తీగ లాగించండి. ఇది ఏ వార్తలోనూ రాదు, ఇందులో కొత్తదనం ఏమీ లేదు. కానీ మాట తెగడాన్ని ఇంత కచ్చితంగా ఆపేది మరొకటి లేదు. గోడ వెంట తీగ కనిపించడం, పని చేయించే శ్రమ దీనికి చెల్లించే మూల్యం. అది కుదరదంటే సంకేతాన్ని అందుకుని మళ్లీ పంపే పరికరాలున్నాయి. వాటిలో చౌకరకం ఒకే రేడియోతో విని, అదే రేడియోతో చెబుతుంది కనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. రెండు పరికరాలు తమలో తాము మాట్లాడుకోవడానికి వేరే పట్టీ ఉన్న మెష్ రకం అయితే నయం. ఏదీ కొనకుండా చేయగలిగిందీ ఉంది: రౌటర్‌ను మూలలోంచి, అలమారలోంచి బయటికి తీసి ఇంటి నడిమధ్య ఎత్తులో పెట్టడం, 2.4 పట్టీ వాడక తప్పకపోతే 1, 6, 11 చానళ్లలో ఇరుగుపొరుగు రద్దీ తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోవడం. ఆ మూడే ఒకదానిమీద ఒకటి పడనివి.

ఆ తీగకు ఇంకో ప్రయోజనం ఉంది, అది మీ నాన్నగారికి సంబంధించినది. చాలా రౌటర్లలో వైర్‌లెస్‌ను మాత్రమే ఫలానా సమయానికి ఆపే ఏర్పాటు ఉంటుంది. రాత్రి వైఫై ఆగిపోయినా తీగ మీద ఇంటర్నెట్ నడుస్తూనే ఉంటుంది. ఆయన నిశ్చింతగా పడుకుంటారు, మీ నెలాఖరు పని ఆగదు. వాదించి గెలవాల్సిన అవసరమే ఉండదు.

అయినా ఆయనకు నిజం చెప్పండి, మెల్లగా చెప్పండి. ఆయన భయానికి మూలం బహుశా 2011లో వచ్చిన వార్త. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఆ ఏడు రేడియో తరంగాలను 'క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉండవచ్చు' అన్న వర్గంలో, అంటే 2బీలో చేర్చింది. ఆధారాలు పరిమితంగా ఉన్నాయి, కొట్టివేయలేం అని దాని అర్థం. హాని చేస్తుందని తేల్చినట్టు కాదు. తర్వాత అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద జరిగిన సమగ్ర సమీక్ష 2024 సెప్టెంబర్‌లో వెలువడింది. మొబైల్ ఫోను వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని అది చెప్పింది. చెవికి ఆనించుకునే ఫోనుతో పోలిస్తే దూరంగా ఉన్న రౌటర్ నుంచి శరీరానికి చేరేది ఎంతో తక్కువ. ఈ తరంగాలకు ఎక్స్‌రేల మాదిరిగా కణాల్లోని అణు బంధాలను తెంచే శక్తి లేదు. ఇది విన్నాక కూడా ఆయన రాత్రి ఆపమంటే ఆపండి. భయం తగ్గడానికి సమాచారం కంటే సమయం ఎక్కువ పడుతుంది.

ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం మీరు ఆలస్యం చేయకూడదు. ఇక్కడ అన్నయ్య చెప్పినదే సరి, మీ అబ్బాయి తేలిగ్గా తీసిపారేశాడు. విండోస్ 10కి ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. ఆ తేదీ నాడు కంప్యూటర్ ఆగిపోదు, ఎప్పటిలాగే నడుస్తుంది, ప్రమాదం అక్కడే ఉంది. కొత్తగా బయటపడే ప్రతి లొసుగూ మీ యంత్రంలో తెరిచే ఉంటుంది. మీ సొంత ఫొటోలు మాత్రమే ఉంటే అది మీ ఇష్టం. మీ దగ్గర ఉన్నవి ఇతరుల లెక్కలు, వారి బ్యాంకు వివరాలు. అవి పోతే నష్టపోయేది మీరొక్కరే కాదు.

ఇందులో మీకున్న దారులు చూద్దాం. వ్యక్తిగత వినియోగదారులకు మైక్రోసాఫ్ట్ మరో ఏడాది, 2026 అక్టోబర్ 13 వరకు, భద్రతా సవరణలు ఇచ్చే పథకం పెట్టింది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరవచ్చు, అందుకు మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలి. కొత్త సదుపాయాలేవీ రావు, లొసుగులు మాత్రం పూడతాయి. ఇది ఊపిరి పీల్చుకునే వ్యవధి మాత్రమే, శాశ్వత పరిష్కారం కాదు. ఈ పథకంలో ఇంకా చేరకపోతే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి.

విండోస్ 11 అధికారికంగా మీ యంత్రానికి రాదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సుమారుగా 2017 చివర నుంచి వచ్చిన ప్రాసెసర్లు కావాలి. నిబంధనలను దాటవేసి ఎక్కించే ఉపాయాలు ఇంటర్నెట్‌లో కనిపిస్తాయి, అవి చాలాసార్లు పనిచేస్తాయి కూడా. కానీ అలాంటి యంత్రాలకు సవరణలు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. సవరణల కోసమే మారుతూ, సవరణల హామీ లేని దారి పట్టడం మీ పనికి తగదు.

మీ అబ్బాయి చెప్పిన లినక్స్‌ను నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. పాత యంత్రాలకు అది ప్రాణం పోస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్ మీద నుంచి నడిపి, డిస్క్‌లో ఏదీ మార్చకుండా చూడవచ్చు కూడా. అయితే మీ జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుందని మీరే రాశారు. దాన్ని లినక్స్ మీద నడిపించే ఏర్పాట్లున్నా, నెలాఖరు రాత్రి అది మొరాయిస్తే బాగుచేసేది ఎవరు? మీ అబ్బాయి పరీక్షల్లో ఉండవచ్చు, వేరే ఊళ్లో ఉండవచ్చు. కొత్త ల్యాప్‌టాప్ వచ్చాక పాతదాన్ని వాడికివ్వండి, లినక్స్ వేసి ఇంట్లో ఇతర పనులకు తిప్పమనండి. వాడి మాటకూ విలువ దక్కుతుంది.

కొత్తది కొనడమే చివరకు మీ దారి అని నా అభిప్రాయం. కొంతకాలం ఆగాలనుకుంటే ఒక మధ్యేమార్గం ఉంది. అంతసేపు తెరుచుకోవడం చూస్తే మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది తిరిగే పళ్లెంతో పనిచేసే పాత హార్డ్ డిస్క్ అయి ఉంటుంది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు సుమారు వంద చొప్పున మాత్రమే వెతికి తీయగలదు, తిరిగే భాగాలేవీ లేకుండా చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ అదే పనిని వేలల్లో చేస్తుంది. దాన్ని మార్పిస్తే పథకం గడువు దాకా పని హాయిగా సాగుతుంది, తర్వాత అదే ఎస్‌ఎస్‌డీని ఒక పెట్టెలో బిగించి బయటి డిస్క్‌గా వాడుకోవచ్చు. మార్పించే ముందు లెక్కలన్నీ రెండు చోట్ల భద్రపరచండి. ఒక్క బయటి డిస్క్‌ను నమ్ముకోవద్దు, ఈ మాట బతిమాలి చెబుతున్నాను.

కొనేటప్పుడు 16 గిగాబైట్ల మెమరీ, 512 గిగాబైట్ల ఎస్‌ఎస్‌డీ, కంటికి నొప్పి కలిగించని తెర, తీగ గుచ్చుకునే నెట్‌వర్క్ రంధ్రం, అది లేకుంటే అందుకు చిన్న అడాప్టర్. ఇంతే. కృత్రిమ మేధ చిప్ కోసం ప్రత్యేకంగా ఖర్చు పెంచకండి. మైక్రోసాఫ్ట్ 2024 మేలో ప్రకటించిన కోపైలట్ ప్లస్ శ్రేణికి సెకనుకు 40 లక్షల కోట్ల గణనలు చేసే చిప్ ఉండాలన్నది షరతు. దానితో పాటు గొప్పగా చూపించిన రీకాల్ అనే సదుపాయం, తెరమీది చిత్రాలను అదేపనిగా దాచుకునేది, భద్రత మీద విమర్శలు రావడంతో వాయిదాపడి 2025 ఏప్రిల్‌లో గానీ అందరికీ రాలేదు. మీ జమాఖర్చుల సాఫ్ట్‌వేర్‌కు ఆ చిప్‌తో పని లేదు. కొన్న మోడల్‌లో అది ఉంటే ఉండనివ్వండి. రీకాల్‌ను మాత్రం ఆన్ చేయకండి, ఖాతాదారుల వివరాలు మీ తెర మీదే ఉంటాయి కదా.

ఇంకా ఆగితే మంచిది వస్తుందన్న మాటకు అంతు లేదు. 1983లో ఆస్బర్న్ అనే కంపెనీ తన తర్వాతి యంత్రాల గురించి ముందే చెప్పడంతో కొనేవారు ఉన్న యంత్రాన్ని కొనడం మానేశారని, ఆ ఏడాదే అది దివాలా తీసిందని చెబుతారు. దివాలాకు వేరే కారణాలూ ఉన్నాయి కానీ, రాబోయేదాని కోసం ఆగే మన గుణం మాత్రం అప్పటి నుంచీ అలాగే ఉంది. ఆగితే ధర తగ్గుతుందనీ అనుకోలేం. 2025 రెండో సగం నుంచి కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల మెమరీ ధరలు బాగా పెరిగాయి. ఆ రెండేళ్లూ ఆపింది అన్నయ్యే అయినా, ఆ నిందను ఆయన మీద వేయకండి. ఆయన చదివిన వార్తలు నిజమే. మీకు అప్పుడు ఏం కావాలన్నది ఆయన అడగలేదు, మీరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆయనకు ఫోను చేయవచ్చు. కొందరు పెద్దవాళ్లకు ప్రేమ చూపించే తీరు అదే, తమకు తెలిసింది ముందుగా మనవాళ్లకు చేరవేయడం. మేనల్లుడు "అన్నీ ప్రకటనలే" అన్నప్పుడు ఆయన తెలివి కన్నా ఆ ప్రేమే ఎక్కువ గాయపడింది. విండోస్ గడువు గురించి మొదట హెచ్చరించింది ఆయనే కదా, ముందు ఆ సంగతే చెప్పండి, అది పొగడ్త కాదు. తర్వాత "ఏం కొనమంటావు" అని అడగకండి. పైన రాసిన అవసరాలన్నీ చెప్పి, "ఈ నాలుగూ ఉన్నవాటిలో ఏది గట్టిగా ఉంటుందో చూసిపెట్టు అన్నయ్యా" అనండి. ఆయన చదువంతా అక్కడ పనికొస్తుంది. మళ్లీ ఖరీదైనదాని వైపు లాగే అవకాశం ఉంది, అప్పుడు మీ జాబితాకు కట్టుబడి ఉండండి. అది కష్టమనిపిస్తే ముందు కొనేసి, తర్వాత కొత్త యంత్రం సర్దడానికి ఆయన్ను పిలవండి. అందులో వాదన తక్కువ, కానీ తనను అడగలేదన్న చిన్న బాధ ఆయనకు మిగలవచ్చు. ఆయనేమిటో మీకే బాగా తెలుసు కనుక ఈ రెండింటిలో ఏదో మీరే నిర్ణయించుకోండి. మీ అబ్బాయి చేత మామయ్యకు క్షమాపణ చెప్పించడం మాత్రం వీటితో కలపకుండా విడిగా చేయండి, లినక్స్ మంచిదా కాదా అన్నదానితో దానికి సంబంధం లేదు.

ఖాతాదారుకు ఈ వారమే ఒక మాట రాయండి, ఇబ్బంది గమనించానని, సరిచేస్తున్నానని. అందాకా ముఖ్యమైన సమావేశాలకు ల్యాప్‌టాప్‌ను రౌటర్ దగ్గరకు తెచ్చుకుని తీగతో కలిపి కూర్చోండి. తీగతో కూడా మాట తెగితే ఏ తేదీన, ఏ సమయంలో తెగిందో రాసిపెట్టుకుని, ఆ కాగితం ముందు పెట్టుకుని మీకు కనెక్షన్ ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు చేయండి. "నెట్ బాగా రావడం లేదు" అంటే రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమని పంపేస్తారు, తేదీలు, సమయాలు చదివి వినిపిస్తే లైను చూడటానికి మనిషి వస్తాడు.